తీరిక లేనివారికి హిట్, నిలకడ కార్డియో: ఏది ఎప్పుడు, ఏ వరుసలో చేయాలి

"ఏడింటికల్లా కాలేజీలో ఉండాలి సార్, ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర. మధ్యలో 25 నిమిషాలే నావి. హిట్ చేయమంటారా, నడవమంటారా?" విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి ఈ ప్రశ్న రాని వారం ఉండదు. హిట్ (HIIT) అంటే గట్టి శ్రమ, నెమ్మది శ్రమ మార్చి మార్చి చేసే వ్యాయామం; నిలకడ కార్డియో అంటే నడకలా ఒకే వేగంతో సాగేది. అడిగేవారిలో లెక్చరర్లు, వన్‌టౌన్ బట్టల దుకాణాల వాళ్లు, మిర్చి యార్డు గుమస్తాలు, నైట్ డ్యూటీ నర్సులు, రెండు నగరాల మధ్య రోజూ తిరిగే ఉద్యోగులు ఉన్నారు. ఉద్యోగాలు వేరైనా ఇబ్బంది ఒకటే.

జవాబు ముందే చెబుతాను. మొదటి 4 వారాలు నిలకడ కార్డియో మాత్రమే చేయండి. ఆ తర్వాత వారానికి ఒక రోజు హిట్ కలపండి. శరీరం తట్టుకుంటే రెండు రోజులు చేయవచ్చు, అంతకు మించి వద్దు. మిగిలిన రోజులు నిలకడగానే సాగాలి. ఈ వరుస తప్పినవారే ఎక్కువగా మోకాళ్లు పట్టుకుని మధ్యలో మానేస్తున్నారు. దీన్ని అమలు చేసే పద్ధతి కింద అడుగడుగునా ఉంది.

## 1. తేడా ఎక్కడుందో తెలుసుకోండి

నిలకడ కార్డియో అంటే దాదాపు ఒకే వేగంతో 20 నుంచి 60 నిమిషాలు సాగే పని. చురుకైన నడక, నెమ్మది పరుగు, సైకిల్, ఈత ఇందులోకి వస్తాయి. హిట్‌లో కొద్దిసేపు గట్టిగా శ్రమించి, కొద్దిసేపు నెమ్మదించి, మళ్లీ గట్టిగా శ్రమిస్తాం. ఈ విడతలనే ఇంటర్వల్స్ అంటారు. గట్టి భాగంలో గుండె వేగం గరిష్ఠంలో 85 నుంచి 95 శాతం దాకా వెళ్లాలి. అంత దూరం వెళ్లకపోతే పేరు ఏదైనా అది హిట్ కాదు.

తక్కువ సమయంలో గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెంచుకోవడానికి హిట్ బాగా పనిచేస్తుంది. ఇందులో సందేహం లేదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాయామ అలవాటు లేని పురుషులను తీసుకున్నారు. ఒక జట్టు 10 నిమిషాల సెషన్‌లో 20 సెకన్ల చొప్పున మూడుసార్లు శక్తికొద్దీ సైకిల్ తొక్కింది. రెండో జట్టు 45 నిమిషాలు నిలకడగా తొక్కింది. వారానికి మూడు సెషన్ల చొప్పున 12 వారాలు గడిచాక రెండు జట్ల సామర్థ్యమూ దాదాపు సమానంగా పెరిగింది.

అయితే వాళ్లు ప్రయోగశాలలో, పర్యవేక్షణలో, కదలకుండా నిలిచే సైకిల్ మీద ఆ పని చేశారు. మనం గుంతలున్న కాలనీ రోడ్డు మీద, నిద్ర చాలని శరీరంతో చేస్తాం. అందుకే ఆ ఫలితాన్ని నమ్ముతూనే, దాని దగ్గరికి మెట్టుమెట్టుగా వెళ్లమంటున్నాను.

కొవ్వు తగ్గే విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. హిట్ చేస్తే రోజంతా కొవ్వు కరుగుతూనే ఉంటుందన్న ప్రచారాన్ని పట్టించుకోకండి. వ్యాయామం ముగిశాక కూడా శరీరం కొంత అదనపు శక్తిని ఖర్చు చేసే మాట నిజమే, కానీ ఆ ఖర్చు చాలా స్వల్పం.

## 2. మొదలుపెట్టే ముందు ఆరోగ్యం చూసుకోండి

దీన్ని దాటేసి ముందుకు వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. మామూలు నడక చాలామందికి సురక్షితం. గట్టి ఇంటర్వల్స్ మాత్రం అందరికీ మొదటి రోజు నుంచే సరిపడవు. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా హిట్‌కు ముందు డాక్టర్‌ను కలవండి.

☐ గుండె జబ్బు ఉండటం, స్టెంట్ వేయించుకోవడం, లేదా నడిచినా మెట్లెక్కినా ఛాతీలో బరువుగా అనిపించడం
☐ అదుపులో లేని బీపీ
☐ షుగర్, ముఖ్యంగా ఇన్సులిన్ వాడుతున్నా, కంటి రెటీనా దెబ్బతిన్నా, పాదాల్లో స్పర్శ తగ్గినా
☐ ఉబ్బసం
☐ కళ్లు తిరిగి పడిపోయిన సందర్భం
☐ దగ్గరి రక్తసంబంధీకులు చిన్న వయసులోనే గుండె జబ్బుతో మరణించి ఉండటం
☐ గర్భం, లేదా ఇటీవలి కాన్పు, ఆపరేషన్
☐ 45 దాటి, కొన్నేళ్లుగా ఏ వ్యాయామమూ చేయకపోవడం

షుగర్ ఉన్నవారికి రెండు ముఖ్యమైన మాటలు. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామంలో షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. మొదలుపెట్టే ముందు 90 కంటే తక్కువ ఉంటే ముందు ఏదైనా తినండి. జేబులో గ్లూకోజ్ పొట్లమో, చక్కెర పొట్లమో తప్పక ఉండాలి.

రెండోది, పరగడుపున గట్టి ఇంటర్వల్స్ చేసి వెంటనే చూసుకుంటే షుగర్ ముందుకన్నా ఎక్కువ కనిపించవచ్చు. గట్టి శ్రమలో అడ్రినలిన్ పెరిగి, కాలేయం గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. చాలామందికి ఇది తాత్కాలికమే. ఆ ఒక్క సంఖ్య చూసి కంగారుపడి మందు మోతాదు మార్చుకోకండి. కొన్ని రోజుల రీడింగులు రాసి డాక్టర్‌కు చూపించండి.

వ్యాయామం మధ్యలో ఛాతీ నొప్పి, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం, గుండె లయ తప్పినట్టు అనిపించడం ఇలాంటివి ఏవైనా వస్తే వెంటనే ఆపేయండి. "గ్యాస్ అయి ఉంటుందిలే" అని ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

## 3. మీ దగ్గర నిజంగా ఎంత సమయం ఉంది?

"10 నిమిషాల హిట్" అన్న మాటలో మిగతా పని లెక్కలోకి రాదు. వార్మప్ 8 నిమిషాలు, ఇంటర్వల్స్ 15, కూల్‌డౌన్ 5 కలిపితే 28 నిమిషాలు. దాని తర్వాత చెమట ఆరడానికి ఇంకో 10 నిమిషాలు కావాలి. కృష్ణ ఒడ్డున ఉక్కపోతలో ఇది చాలా ముఖ్యం. ఒళ్లు చల్లబడకుండా స్నానం చేసి చొక్కా వేసుకుంటే బస్టాపుకు చేరేలోపే అది మళ్లీ తడిసిపోతుంది. అంటే హిట్ రోజున 40 నిమిషాలు అవసరం. నడకకు ఈ బాధ తక్కువ.

కాబట్టి తొందర ఉన్న రోజున నడవండి, కాస్త వెసులుబాటున్న రోజున హిట్ చేయండి. చాలామంది దీన్ని తిరగేసి, ఆలస్యమైన రోజునే హడావిడిగా హిట్ చేస్తారు. అప్పుడు ముందుగా ఎగిరిపోయేది వార్మప్.

ఒక కాగితం తీసుకుని ఈ వారం మొత్తం రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. రెండూ కలిపి కూడా చేయవచ్చు. కనీసం 10 నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అన్న పాత నియమం ఇప్పుడు లేదు. భోజనం తర్వాత 7 నిమిషాల నడక కూడా లెక్కలోకి వస్తుంది.

☐ వారంలో 40 నిమిషాలు ఖాళీగా దొరికే రోజులు ఏవి? (హిట్‌కు ఇందులో ఒకటి, రెండు)
☐ 25 నుంచి 30 నిమిషాలు దొరికే రోజులు ఏవి? (నడకకు)
☐ రోజూ కచ్చితంగా నడిచే చిన్న దూరాలు ఏవి? (వేగం పెంచడానికి)

మూడో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ వచ్చేవారు ఆటో ఎక్కే బదులు ఒకటి రెండు స్టాపులు నడిస్తే చాలు, రానూపోనూ 20 నిమిషాలు కలుస్తాయి.

## 4. చోటు, బూట్లు, వేళ

చోటు. గట్టి ఇంటర్వల్స్‌కు వాహనాలు, కుక్కలు, గుంతలు లేని నేల కావాలి. వీధిలో ఒక్కసారిగా పరుగెత్తితే కుక్కలు వెంటపడతాయి. అందుకని వేగం పెంచే పని ఇందిరాగాంధీ స్టేడియం, గుంటూరు ఎన్టీఆర్ స్టేడియం లాంటి మైదానాల్లోనో, ఇంటి మేడ మీదో పెట్టుకోండి. నిలకడ నడకకు కాలనీ రోడ్డు చాలు. ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. గంటకు 6 కిలోమీటర్ల చురుకైన నడకతో ఒక చివర నుంచి మరో చివరకు 12 నిమిషాల పైచిలుకు పడుతుంది. వెళ్లి వస్తే 25 నిమిషాలు, ఒక రోజు పని పూర్తయినట్టే. తెల్లవారుజామున వెళ్లండి, పక్కగా నడవండి, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి.

ఇంద్రకీలాద్రి మెట్లను, మంగళగిరి కొండ మెట్లను వ్యాయామశాలగా మార్చవద్దని నా విన్నపం. అక్కడ వృద్ధులు, పిల్లల తల్లులు, మెట్లకు పసుపు కుంకుమలు పెట్టే భక్తులు ఉంటారు. తడిసిన మెట్టు మీద వేగం ప్రమాదకరం కూడా. మెట్లే కావాలంటే మీ అపార్ట్‌మెంట్ మెట్లున్నాయి.

బూట్లు. మడమ కింద మెత్తదనం చచ్చిపోయిన పాత బూట్లు, చెప్పులు, ఆఫీసు బూట్లు హిట్‌కు పనికిరావు. ఖరీదైనవి అక్కర్లేదు. వేలి ముందు బొటనవేలి గోరంత ఖాళీ ఉండి, మడమ జారకుండా ఉంటే చాలు. బూట్లు సాయంత్రం కొనండి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది.

వేళ. పొద్దున, సాయంత్రం రెండూ మంచివే. భోజనానికీ హిట్‌కూ మధ్య రెండున్నర గంటలైనా ఉండాలి. నడకకు ఆ నియమం లేదు. పైగా భోజనం చేసిన కాసేపటికి 10, 15 నిమిషాలు నడిస్తే రక్తంలో షుగర్ పెరుగుదల తగ్గుతుంది.

## 5. శ్రమను కొలవడం నేర్చుకోండి

వ్యాయామంలో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. మూడు కొలతలు ఉన్నాయి. మొదటిది ఎవరికైనా సరిపోతుంది.

మాట పరీక్ష. నిలకడ కార్డియోలో పక్కవారితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. పాడగలిగితే వేగం చాలదు. హిట్ గట్టి భాగంలో మూడు నాలుగు మాటల తర్వాత ఊపిరి తీసుకోవాల్సి రావాలి. పక్కింటి ఆవిడతో కోడలి సంగతులు సాఫీగా సాగుతున్నాయంటే అది హిట్ కాదు.

పదికి మార్కులు. ఊరికే కూర్చోవడం సున్నా, ఇక ఒక్క అడుగూ వేయలేని స్థితి 10. నిలకడకు 5 నుంచి 6. హిట్ గట్టి భాగానికి 8, కొత్తవారికి 7. మధ్య విరామంలో 3కు దిగాలి.

గుండె వేగం. 208 లోంచి మీ వయసును 0.7తో గుణించి వచ్చినదాన్ని తీసేయండి. 42 ఏళ్లవారికి 208 లోంచి 29 తీస్తే గరిష్ఠం సుమారు 179. అందులో 64 నుంచి 76 శాతం, అంటే నిమిషానికి 115 నుంచి 136 సార్లు, నిలకడ కార్డియో పరిధి. 85 నుంచి 95 శాతం, అంటే 152 నుంచి 170, హిట్ పరిధి. వాచీ లేకపోతే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించండి.

ఈ సూత్రం సగటు లెక్క. మనిషికీ మనిషికీ నిమిషానికి పది పన్నెండు తేడా మామూలే. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి ఈ లెక్క అసలు వర్తించదు, ఎందుకంటే ఆ మందు గుండె వేగాన్నే తగ్గిస్తుంది. సంఖ్య అందుకోవాలని వాళ్లు పరుగెత్తడం ప్రమాదం. వాళ్లు మాట పరీక్షనే నమ్ముకోవాలి. ఇక చేతి వాచీ విషయం: చేతులు బాగా ఊపే చిన్న ఇంటర్వల్స్‌లో అది వెనకబడుతుంది. 20 సెకన్ల గట్టి భాగం ముగిశాకే సంఖ్య ఎగబాకుతుంది. అప్పుడు వాచీని కాదు, మీ ఊపిరిని నమ్మండి.

## 6. మొదటి 4 వారాలు: పునాది

వారానికి 4 రోజులు, రోజుకు 25 నుంచి 30 నిమిషాల చురుకైన నడక. మొదటి 5 నిమిషాలు మామూలుగా, చివరి 3 నిమిషాలు నెమ్మదిగా నడవాలి. మధ్యలోదంతా మాట పరీక్షలో నిలవాలి.

ఊపిరి, గుండె త్వరగా మెరుగుపడతాయి. మోకాలి చిప్ప చుట్టూ ఉండే నరాల్లాంటి టెండాన్లు, పిక్కల ఎముకలు మాత్రం నెమ్మదిగా గట్టిపడతాయి. రెండో వారానికే "ఇక పరుగెత్తగలను" అనిపిస్తుంది. ఆగండి. అలా అనిపించేది గుండెకు, కాళ్లకు కాదు.

హిట్‌కు సిద్ధమయ్యారో లేదో తేల్చుకునే పట్టిక:

☐ ఆగకుండా 30 నిమిషాలు చురుగ్గా నడవగలను
☐ మర్నాడు పొద్దున మంచం దిగినప్పుడు మడమలో, మోకాలిలో నొప్పి లేదు
☐ మూడు అంతస్తులు ఎక్కి ఒక నిమిషంలో మామూలుగా మాట్లాడగలను
☐ గత రెండు వారాల్లో వారానికి కనీసం మూడు రోజులు నడిచాను

నాలుగూ టిక్ పడితేనే తర్వాతి అడుగు. ఒకటి మిగిలినా ఇంకో రెండు వారాలు ఇక్కడే ఉండండి. ఈ కాలం వృథా కాదు, దీని లాభం దీనికి వస్తూనే ఉంటుంది.

## 7. ఐదు, ఆరు వారాలు: ఇంటర్వల్ నడక

పరుగు లేకుండానే ఇంటర్వల్స్ మొదలుపెట్టవచ్చు. జపాన్‌లోని షిన్షు విశ్వవిద్యాలయ పరిశోధకులు నడివయసు వారితో, వృద్ధులతో పరీక్షించి 2007లో ప్రచురించిన పద్ధతి ఇది. 3 నిమిషాలు వేగంగా, 3 నిమిషాలు నెమ్మదిగా నడవాలి. ఇలా ఐదుసార్లు చేస్తే 30 నిమిషాలు.

వారానికి నాలుగు నడకల్లో ఒకదాన్ని ఇలా మార్చండి. వేగపు 3 నిమిషాల్లో మోచేతులు మడిచి, చేతులు వెనక్కి బలంగా ఊపండి. అడుగులు పొడవుగా కాదు, చకచకా పడాలి. అడుగు పొడవు పెంచితే మడమ బలంగా నేలకు తగిలి పిక్క ముందు ఎముక నొప్పి పెడుతుంది.

60 దాటినవారు, బరువు బాగా ఎక్కువ ఉన్నవారు, మోకాళ్ల అరుగుదల ఉన్నవారు ఇక్కడే స్థిరపడిపోయినా నష్టమేమీ లేదు. నా దృష్టిలో వారికి ఇదే సరైన హిట్.

## 8. హిట్ రోజు, నిమిషం నిమిషం

ఏడో వారం నుంచి. ముందు ఒక కదలికను ఎంచుకోండి: మెట్లు, సైకిల్, మైదానంలో పరుగు, మోకాళ్లు ఎత్తి స్పాట్ జాగింగ్. ఫోనుల్లో కనిపించే బర్పీలు (కిందికి వంగి దండెం తీసి పైకి గెంతడం), గెంతుతూ చేసే స్క్వాట్లు కొత్తవారికి వద్దు. అలసిన కాలు గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతుంది, దెబ్బ అక్కడే తగులుతుంది.

0 నుంచి 3 నిమిషాలు: తేలిక నడక.
3 నుంచి 6: చురుకైన నడక. చీలమండలు, తుంటి కీళ్లు తిప్పండి. ఒకచోట నిలిచి కండరాలు సాగదీయడం ఇప్పుడు వద్దు, అది చివర్లో.
6 నుంచి 8: ఎంచుకున్న కదలికనే 10 సెకన్ల చొప్పున మూడుసార్లు, ఒక్కోసారి కాస్త వేగం పెంచుతూ చేయండి.
8 నుంచి 23: 1 నిమిషం గట్టిగా, ఒకటిన్నర నిమిషం నెమ్మదిగా. మొత్తం 6 రౌండ్లు.
23 నుంచి 28: నెమ్మది నడక, తర్వాత పిక్కలు, తొడలు సాగదీయడం.

రౌండ్లు ఎలా అనిపించాలో దగ్గరగా చూద్దాం. మొదటి రౌండు ముగిసినప్పుడు "ఇంతేనా" అనిపించాలి. రెండో రౌండు చివర నోటితో ఊపిరి తీసుకుంటారు. మూడోదానికి మాట తెగుతుంది, విరామంలో 40, 50 సెకన్లు గడిచాక గానీ ఊపిరి కుదుటపడదు. నాలుగు, ఐదుల్లో తొడలు బరువెక్కినా వేగం మొదటి రౌండంతే ఉండాలి. ఆరోది ముగిశాక "ఇంకొకటి చేయగలను" అనిపించాలి, చేయకూడదు. ఐదో రౌండుకే వేగం స్పష్టంగా పడిపోతే మొదటిది మరీ గట్టిగా వెళ్లిందన్నమాట. ఆ రోజుకు అక్కడే ఆపి కూల్‌డౌన్‌కు వెళ్లండి.

చివరి రౌండు కాగానే నిలబడిపోవద్దు, కూర్చోవద్దు. పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెట్టడం ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. నడుస్తూనే ఉండండి.

మెట్లు ఎంచుకున్నవారికి: పైన చెప్పిన మెక్‌మాస్టర్ పరిశోధకులే 2017లో వ్యాయామ అలవాటు లేని స్త్రీలతో మెట్ల పద్ధతినీ పరీక్షించారు. 20 సెకన్ల చొప్పున మూడుసార్లు శక్తికొద్దీ ఎక్కడం, మధ్యలో తేలిక విరామం, మొత్తం 10 నిమిషాలు. ఆరు వారాల్లో వారి సామర్థ్యం మెరుగుపడింది. ఇంట్లో వంట, పిల్లల బాక్సుల హడావిడి మధ్య బయటికి వెళ్లే వీలు లేని స్త్రీలకు ఇది బాగా నప్పుతుంది. 20 సెకన్లలో సుమారు రెండు అంతస్తులు వస్తాయి. ఒక్కో మెట్టే ఎక్కండి, రెండేసి వద్దు. పాదం మొత్తం మెట్టు మీద పడాలి. దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని నెమ్మదిగా దిగండి, తొడల నొప్పి ఎక్కువగా దిగడం వల్లే వస్తుంది. చీర కట్టుకుని, చెప్పులతో చేయవద్దు.

పెంచే వరుస. ఒకసారికి ఒక్కటే మార్చండి. ముందు రౌండ్లను 6 నుంచి 8కి, తర్వాత 10కి పెంచండి. ఆ తర్వాత విరామాన్ని 90 సెకన్ల నుంచి 75కి, ఆపై 60కి తగ్గించండి. అది కుదిరాకే నార్వే పద్ధతి: 4 నిమిషాలు గట్టిగా, 3 నిమిషాలు తేలికగా, నాలుగుసార్లు. వార్మప్, కూల్‌డౌన్ కలిపితే 40 నిమిషాలు దాటుతుంది కాబట్టి ఆదివారానికి ఉంచుకోండి.

తబాటా అనే హిట్ పద్ధతి గురించి చాలామంది అడుగుతున్నారు. 1996లో ఇజుమి తబాటా బృందం ప్రచురించిన ప్రయోగంలో 20 సెకన్ల శ్రమ, 10 సెకన్ల విరామం సైకిల్ మీద సాగాయి. ఏడెనిమిది రౌండ్లకు యువకులైన క్రీడా విద్యార్థులే పూర్తిగా అలసిపోయేంత తీవ్రతలో చేశారు. ఇంట్లో టీవీ ముందు చేతులు ఊపితే ఆ ఫలితం రాదు, ఆ తీవ్రతకు వెళ్లడం కొత్తవారికి తగదు. మొదటి మూడు నెలలు దాని జోలికి పోవద్దు.

## 9. వారాన్ని ఇలా సర్దుకోండి

వారానికి గంటన్నర ఉన్నవారికి: బుధవారం హిట్ (28 నిమిషాలు), శుక్రవారం, ఆదివారం 30 నిమిషాల చొప్పున నడక.

వారానికి మూడు గంటలున్నవారికి: మంగళవారం, శనివారం హిట్, ఆది, సోమ, గురువారాల్లో 35 నుంచి 40 నిమిషాల నడక.

రెండు హిట్ రోజుల మధ్య కనీసం 48 గంటలు ఉండాలి. వీటికి తోడు వారానికి రెండు రోజులు 15 నిమిషాలు కండరాల బలానికి కేటాయించండి: కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి దండాలు, మడమలు ఎత్తడం చాలు.

రోజంతా నిలబడే దుకాణం ఉద్యోగులు హిట్‌ను డ్యూటీకి ముందే చేయాలి. పది గంటలు నిలబడిన కాళ్లతో రాత్రి ఇంటర్వల్స్ చేస్తే పిక్కలు పట్టేస్తాయి. నైట్ డ్యూటీ ముగించుకుని వచ్చే నర్సులు ఆ పొద్దున 15 నిమిషాల తేలిక నడకతో సరిపెట్టుకుని పడుకోండి. హిట్‌ను సెలవు రోజున, నిద్ర తీరాక చేయండి. ఎవరికైనా సరే, ముందు రాత్రి నిద్ర ఐదు గంటల లోపే అయితే ఆ రోజు హిట్‌ను నడకగా మార్చడమే మేలు.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

అన్ని రోజులూ ఒకే మాదిరి శ్రమతో సాగడం. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. నడక రోజున ఆయాసపడతారు, ఆ అలసటతో హిట్ రోజున గట్టిగా చేయలేరు. రెండింటి లాభమూ పోతుంది. సవరణ: నడక రోజున మాట పరీక్ష తప్పితే వెంటనే వేగం తగ్గించండి. నెమ్మదిగా నడవడానికి సిగ్గుపడవద్దు.

45 నిమిషాల హిట్ క్లాసు. అంతసేపు చేయగలిగారంటే అది హిట్ కాదు. గట్టి భాగాలన్నీ కలిపి కొత్తవారికి 6 నుంచి 10 నిమిషాలు, బాగా అలవాటైనవారికి 16 నిమిషాలు.

విరామాన్ని కుదించడం. విరామం సోమరితనం కాదు, తర్వాతి రౌండు గట్టిగా రావడానికి అదే ఆధారం.

వ్యాయామం చేశామని తినేయడం. 70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే సుమారు 150 కేలరీలు ఖర్చవుతాయి. స్టేడియం నుంచి వస్తూ బండి దగ్గర ఆగి రెండు మూడు మిర్చిబజ్జీలు తింటే అవన్నీ తిరిగి వచ్చినట్టే. బరువు తగ్గడమే లక్ష్యమైతే అసలు మార్పు పళ్లెంలో రావాలి.

పిక్క ముందు ఎముక వెంట నొప్పి. పరుగు ఆపి రెండు వారాలు సైకిల్‌కో నడకకో మారండి. ఎముక మీద ఒకేచోట వేలు పెడితే విలవిల్లాడేంత నొప్పి ఉంటే డాక్టర్‌కు చూపించండి, ఎముకలో సన్నని పగులు కావచ్చు.

అలసిపోయినా తెలియకపోవడం. పొద్దున మంచం దిగకముందు నాడి చూసుకోండి. రోజూ ఉండేదానికన్నా వరుసగా కొన్ని రోజులు ఏడెనిమిది ఎక్కువ ఉండి, నిద్ర పట్టక, చిరాకు పెరిగితే ఒక వారం హిట్ మానేయండి.

## 11. ఎండ, వాన, ఘాటు

ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఈ మార్గదర్శిలోని వేగాలు వర్తించవు. ఎండలో శరీరాన్ని చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్లుతుంది, అందుకని అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కాబట్టి వేగాన్ని కాదు, శ్రమను స్థిరంగా ఉంచండి.

☐ ఉదయం 6 లోపే ముగించండి, లేదా ఇంట్లో ఫ్యాను కింద చేయండి
☐ రౌండ్లలో మూడో వంతు తగ్గించండి
☐ ఎండాకాలం మొదట్లో శరీరం అలవాటుపడటానికి రెండు వారాలు ఇవ్వండి
☐ నీళ్లతో పాటు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తీసుకోండి (బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవారు ఉప్పు విషయం డాక్టర్‌ను అడగాలి)
☐ తలనొప్పి, వికారం, వణుకు, తికమక వస్తే వెంటనే ఆపి నీడకు చేరి ఒళ్లు తడపండి. మనిషి పొంతన లేకుండా మాట్లాడితే 108

రోహిణి కార్తెలో ఆరుబయట హిట్ పూర్తిగా మానేయమంటాను. వానాకాలంలో మేడ మీద పాచి పట్టిన చోట అడుగు పెట్టకండి, వరండాలో స్పాట్ జాగింగ్ చేసుకోవచ్చు. గుంటూరులో మిర్చి సీజన్‌లో యార్డు, గోదాముల చుట్టుపక్కల గాలిలో ఘాటు ఉంటుంది. ఆయాసంలో నోటితో గాలి పీలుస్తాం కాబట్టి ఉబ్బసం ఉన్నవారు అటువైపు ఇంటర్వల్స్ పెట్టుకోకూడదు. వార్మప్‌ను 12 నుంచి 15 నిమిషాలకు పెంచి, డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ జేబులో ఉంచుకోవాలి.

## 12. మధ్యలో ఆగిపోతే

వారం లోపు విరామమైతే ఆపినచోటే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలైతే ఈ వారాల వరుసలో రెండు వారాలు వెనక్కి వెళ్లండి. నెల దాటితే ఆరో భాగంలోని నాలుగు ప్రశ్నలకు మళ్లీ టిక్ పెట్టుకుని, అక్కడి నుంచే మొదలుపెట్టండి. జ్వరం వచ్చి తగ్గితే, జ్వరం పూర్తిగా పోయిన రోజు నుంచి లెక్కపెట్టి మొదటి వారం నడకే చేయండి. డెంగీ లాంటిది వస్తే డాక్టర్ సరేననేదాకా హిట్ వద్దు.

పరీక్షల సీజన్‌లో లెక్చరర్లకు, పెళ్లిళ్ల సీజన్‌లో బట్టల దుకాణాల వాళ్లకు, మార్చిలో బ్యాంకు ఉద్యోగులకు మూడు నాలుగు వారాలు ఊపిరి సలపదు. అప్పుడు అంతా మానేయనక్కర్లేదు. సంపాదించుకున్న సామర్థ్యాన్ని నిలుపుకోవడానికి, సంపాదించడానికి పట్టినంత శ్రమ అవసరం లేదు. సెషన్లు తగ్గినా తీవ్రత తగ్గకపోతే కొన్ని వారాలు అది నిలుస్తుంది. వారానికి ఒకే ఒక్క హిట్, అదీ 4 రౌండ్లతో, పూర్తి వార్మప్‌తో చేయండి. రాత్రి భోజనం తర్వాత 10 నిమిషాలు నడవండి. రద్దీ తగ్గిన మొదటి వారం పాత సంఖ్యలో సగం రౌండ్లతో మొదలుపెట్టి, రెండో వారానికి పూర్తి సంఖ్యకు చేరండి.